ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీ ఇన్‌స్టాల్ కావడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉబుంటు, డెబియన్, లైనక్స్ మింట్ వాడేవాళ్ల కోసం ఈ పేజీ. మూడింటిలోనూ ప్యాకేజీల పని చూసేది ఒకే జంట: కింద డీపీకేజీ, పైన ఆప్ట్. డీపీకేజీ చేతికిచ్చిన ప్యాకేజీని విప్పి సిస్టమ్‌లో పెడుతుంది, అంతవరకే. ఆ ప్యాకేజీ ఎక్కడ దొరుకుతుంది, దానికి తోడుగా ఇంకేం కావాలి, ఏ వెర్షన్ సరిపోతుంది అన్నవన్నీ ఆప్ట్ చూసుకుంటుంది. మీ ఎర్రర్ ఈ ఇద్దరిలో ఎవరి నుంచి వచ్చిందో తెలిస్తే సగం పని అయినట్టే.

కమాండ్లనూ ఎర్రర్లనూ ఇక్కడ పలికినట్టుగా తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో టైప్ చేసేటప్పుడు, పెద్ద అక్షరాలని చెప్పిన చోట తప్ప, ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడాలి. గీతలు, చుక్కలు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఎలా ఉంటే అలాగే ఉంచండి.

స్క్రీన్ నిండా ఎర్రర్లు వచ్చాయి. ఎక్కడి నుంచి చదవాలి?

పైనుంచి. చాలామంది చివరి లైను కాపీ చేసి గూగుల్‌లో వెతుకుతారు. ఆ చివరి లైను దాదాపు ఎప్పుడూ "సబ్-ప్రాసెస్ డీపీకేజీ రిటర్న్‌డ్ యాన్ ఎర్రర్ కోడ్ (1)" అనే ఉంటుంది. దాని అర్థం "కింద ఏదో తేడా కొట్టింది" అని మాత్రమే. ఆ మాటతో వెతికితే వేల పేజీలు దొరుకుతాయి, వాటిలో మీ సమస్యకు పనికొచ్చేవి తక్కువ.

లైను మొదట్లో ఉండే అక్షరాన్ని చూడండి. "ఈ:" అంటే ఎర్రర్, పని ఆగిపోయింది. "డబ్ల్యూ:" అంటే హెచ్చరిక, "ఎన్:" అంటే ఊరికే సమాచారం. మొదటి "ఈ:" లైను దొరికాక దానికి పైనున్న నాలుగైదు లైన్లు కూడా చదవండి. అసలు కారణం మామూలుగా అక్కడే ఉంటుంది. స్క్రీన్ దాటి పైకి వెళ్లిపోతే కంగారు పడక్కర్లేదు, /వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్ ఫైలులో ప్యాకేజీలు ఎక్కించేటప్పుడు వచ్చిన మాటలన్నీ ఉంటాయి. ఏ రోజు ఏ కమాండ్ ఏ ప్యాకేజీని మార్చిందో పక్కనే ఉన్న హిస్టరీ.లాగ్ చెబుతుంది. "నిన్నటిదాకా బాగానే పనిచేసింది, నేనేం చేయలేదు" అనే కేసుల్లో ముందు తెరవాల్సింది ఈ హిస్టరీ.లాగే.

"అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్" అంటోంది. కానీ ఆ ప్యాకేజీ ఉందని అందరూ చెబుతున్నారు.

కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్ అయితే ఆప్ట్ దగ్గర ప్యాకేజీల జాబితా ఇంకా లేదేమో. ముందు ఇది నడపండి ("సుడో" అంటే అడ్మిన్ అధికారంతో నడపమని):

సుడో ఆప్ట్ అప్‌డేట్

పేరులో "అప్‌డేట్" ఉన్నా ఇది ఏ ప్యాకేజీనీ మార్చదు, జాబితాను మాత్రమే తాజా చేస్తుంది. ప్యాకేజీలను మార్చేది అప్‌గ్రేడ్.

అయినా దొరకకపోతే పేరు తప్పయి ఉండొచ్చు. ఆప్ట్ సెర్చ్ అని కొట్టి పేరులో ఒక ముక్క ఇవ్వండి. ఫెడోరా అనే వేరే లైనక్స్ కోసం రాసిన పాఠం చూసి పేరు కాపీ చేస్తే ఇక్కడ దొరకదు, ఎందుకంటే అక్కడ లైబ్రరీల పేర్ల చివర "డెవెల్" ఉంటే ఇక్కడ "డెవ్" ఉంటుంది.

మూడో కారణం రిపోజిటరీ, అంటే ఆప్ట్ ప్యాకేజీలు తెచ్చుకునే సర్వర్ నిల్వ. ఉబుంటులో నాలుగు విభాగాలున్నాయి: మెయిన్, రెస్ట్రిక్టెడ్, యూనివర్స్, మల్టీవర్స్. ఎక్కువ ప్యాకేజీలు ఉండేది యూనివర్స్‌లో. అది ఆఫ్‌లో ఉంటే, సుడో యాడ్-ఆప్ట్-రిపోజిటరీ యూనివర్స్ అని కొట్టి మళ్లీ అప్‌డేట్ చేయండి. డెబియన్‌లో అయితే ఫ్రీ కానివి వేరే విభాగాల్లో ఉంటాయి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై లాంటి వాటి ఫర్మ్‌వేర్‌కు "నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్" అని సొంత విభాగం ఏర్పడింది. పాత సోర్సెస్ ఫైలునే ఉంచుకుని కొత్త విడుదలకు మారినవాళ్లకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు రాకపోవడానికి ఇదే కారణం.

ఇంకొక మాట. ఉబుంటు 24.04లో రిపోజిటరీల చిట్టా చోటు మారింది. పాత పాఠాలు చూపించే /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్ తెరిస్తే దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. అది పాడైపోలేదు. అసలు విషయం ఇప్పుడు సోర్సెస్.లిస్ట్.డీ ఫోల్డర్‌లోని ఉబుంటు.సోర్సెస్ అనే ఫైలులో ఉంది.

"కుడ్ నాట్ గెట్ లాక్" అని వస్తోంది. ఆ లాక్ ఫైలును డిలీట్ చేసేయమని చాలాచోట్ల రాశారు. చేయొచ్చా?

చేయకండి. ఇంటర్నెట్‌లో తిరిగే లైనక్స్ సలహాల్లో ఎక్కువ నష్టం చేసేవి ఏవంటే, మా లెక్కలో ఇది ముందు వరసలో ఉంటుంది.

ఆప్ట్ పని మొదలుపెట్టేటప్పుడు /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్ అనే ఫైలు మీద తాళం అడుగుతుంది. ఆ తాళం వేసేదీ తీసేదీ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. ఫైలు అక్కడ ఉన్నంత మాత్రాన తాళం పడినట్టు కాదు. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు చూసినా ఆ ఫైలు అక్కడే ఉంటుంది. మీరు దాన్ని డిలీట్ చేస్తే తాళం పట్టుకున్న ప్రోగ్రామ్ ఆగదు, పాత ఫైలునే పట్టుకుని తన పని చేసుకుపోతూ ఉంటుంది. మీ ఆప్ట్ మాత్రం కొత్త ఫైలు సృష్టించుకుని దాని మీద తాళం వేసుకుని, తనొక్కటే ఉన్నానని అనుకుంటుంది. ఇద్దరూ ఒకేసారి ప్యాకేజీల డేటాబేస్‌లో రాస్తారు. అది చెడిపోతే దిద్దుకోవడం మామూలు లాక్ సమస్యకంటే ఎన్నో రెట్లు కష్టం.

చేయాల్సింది తేలిక. ఎర్రర్‌లోనే "హెల్డ్ బై ప్రాసెస్" అని ఒక నంబరు, పక్కన ప్రోగ్రామ్ పేరు ఉంటాయి. అక్కడ "అనటెండెడ్-అప్‌గ్ర" అని కనిపిస్తే సిస్టమ్ తనంతట తానే సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకుంటోందని అర్థం. చాలా రోజుల తర్వాత లాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే ఇది తప్పదు. టీ తాగి రండి. అక్కడ కనిపించేది వేరే టెర్మినల్‌లో మీరే వదిలేసిన ఆప్ట్ అయితే ఆ విండోకు వెళ్లండి, "వై ఆర్ ఎన్" అని మీ జవాబు కోసం చూస్తూ ఉంటుంది. చాలాసేపు గడిచినా కదలకపోతే మామూలుగా రీస్టార్ట్ చేయండి. ప్రాసెస్ పోతే దాని తాళమూ పోతుంది.

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయింది. ఇప్పుడు ఏ ప్యాకేజీ పెట్టబోయినా "డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్" అంటోంది.

యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లకు ఎండాకాలంలో ఎక్కువగా వచ్చే కేసు. డీపీకేజీ ప్రతి ప్యాకేజీనీ రెండు దశల్లో పెడుతుంది. ముందు ఫైళ్లను విప్పి వాటి చోట్లలో ఉంచుతుంది, ఆ తర్వాత ప్యాకేజీతో వచ్చిన స్క్రిప్ట్ నడిపి అమరుస్తుంది. మధ్యలో ఆగితే ఏ ప్యాకేజీ ఎంతవరకు వచ్చిందో దానికి గుర్తుంటుంది. అందుకే ఈ రెండూ వరసగా నడపండి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ

సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

మొదటిది సగంలో ఆగిన ప్యాకేజీల అమరిక పూర్తి చేస్తుంది. రెండోది తక్కువైన తోడు ప్యాకేజీలను తెచ్చి పెడుతుంది. నూటికి తొంభై కేసులు ఇక్కడే తీరతాయి.

మిగిలినవి ఫైలే పాడైన కేసులు. ఒక ప్యాకేజీ పేరు చెప్పి "దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి, కానీ ఫైలు దొరకడం లేదు" అన్నట్టు వస్తే, సుడో డీపీకేజీ --రిమూవ్ --ఫోర్స్-రిమూవ్-రీఇన్‌స్ట్‌రెక్ పక్కన ఆ ప్యాకేజీ పేరు ఇచ్చి తీసేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. డీపీకేజీ జాబితా ఉండే స్టేటస్ ఫైలే పాడైతే భయపడకండి. దాని పక్కనే స్టేటస్-ఓల్డ్ అని ఒక పాత ప్రతి ఉంటుంది, /వార్/బ్యాకప్స్ ఫోల్డర్‌లో డీపీకేజీ.స్టేటస్ పేరుతో ఇంకా పాత ప్రతులు ఉంటాయి. పాడైన ఫైలును వేరే పేరుతో దాచి, ఒక మంచి ప్రతిని దాని చోట పెట్టండి.

"అన్‌మెట్ డిపెండెన్సీస్", "యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్" అంటోంది. నేను ఏ ప్యాకేజీనీ హోల్డ్ చేయలేదు కదా?

నిజమే, చేసి ఉండరు (హోల్డ్ అంటే ఒక ప్యాకేజీ వెర్షన్ మారకుండా ఆపి ఉంచడం). ఆ వాక్యం ఎందరినో దారి తప్పించింది. ఆప్ట్-మార్క్ షోహోల్డ్ అని ఒకసారి చూడండి. ఖాళీగా వస్తే హోల్డ్ సంగతి వదిలేయండి. ఆప్ట్ అసలు చెప్పేది ఇది: "మీరు అడిగిన ప్యాకేజీకి ఫలానా వెర్షన్ లైబ్రరీ కావాలి. మీ దగ్గర వేరే వెర్షన్ ఉంది. రెండూ కుదిరే దారి నాకు కనిపించలేదు."

ఆ తేడా ఎక్కడుందో పట్టుకోవాలంటే గొలుసులో ఒక్కో లంకె దిగాలి. "డిపెండ్స్: బట్ ఇట్ ఈజ్ నాట్ గోయింగ్ టు బీ ఇన్‌స్టాల్డ్" అని ఏ పేరు దగ్గర ఉందో, ఇప్పుడు ఆ పేరునే ఇన్‌స్టాల్ చేయమని అడగండి. అది ఇంకో పేరు చూపిస్తుంది. దాన్నీ అడగండి. అలా రెండు మూడు మెట్లు దిగేసరికి అసలు దోషి కనిపిస్తుంది. దాని మీద ఇది నడపండి:

ఆప్ట్ పాలసీ ప్యాకేజీ-పేరు

మీ దగ్గరున్న వెర్షన్ ఏది, రిపోజిటరీలో ఉన్నది ఏది, ఏది ఎక్కడి నుంచి వచ్చింది అన్నీ చూపిస్తుంది. మీ వెర్షన్ పక్కన ఏ వెబ్ చిరునామా లేకుండా /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ ఒక్కటే ఉంటే, ఆ ప్యాకేజీ ఇప్పుడు మీ చిట్టాలో లేని చోటి నుంచి వచ్చిందన్నమాట. ఎప్పుడో పెట్టుకుని తీసేసిన పీపీఏ (బయటివాళ్లు నడిపే రిపోజిటరీ) కావచ్చు, నెట్ నుంచి దించుకున్న డెబ్ ఫైలు (విడి ప్యాకేజీ ఫైలు) కావచ్చు. అప్పుడు దాన్ని అధికారిక వెర్షన్‌కు వెనక్కి తేవాలి. ప్యాకేజీ పేరు పక్కన ఖాళీ లేకుండా = గుర్తు, వెర్షన్ నంబరు ఇచ్చి ఇన్‌స్టాల్ చేస్తే వెనక్కి వస్తుంది. పీపీఏ ఇంకా చిట్టాలోనే ఉంటే పీపీఏ-పర్జ్ అనే చిన్న ప్రోగ్రామ్ పీపీఏను తీసేసి, దాని ప్యాకేజీలన్నిటినీ ఒకేసారి వెనక్కి తెస్తుంది.

ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగానికి మూలం కలగాపులగమే. ఉబుంటులో డెబియన్ రిపోజిటరీ లైను కలిపేవాళ్లున్నారు. 24.04లో 22.04 కోసం చేసిన పీపీఏ పెట్టేవాళ్లున్నారు. పేర్లు ఒకటే అయినా అవి వేర్వేరు లైబ్రరీలతో తయారైన ప్యాకేజీలు.

ఉబుంటు 24.04, డెబియన్ 13లలో ఇంకో చిక్కు ఉంది. 32 బిట్ యంత్రాల్లో గడియార సంఖ్య 2038లో నిండిపోకుండా దాన్ని 64 బిట్‌లకు మార్చారు. ఆ మార్పులో చాలా లైబ్రరీల పేర్ల చివర "టీ64" చేరింది. పాత డెబ్ ఫైలు "లిబ్‌అసౌండ్2" కావాలని అడుగుతుంది, ఇక్కడున్నది "లిబ్‌అసౌండ్2టీ64". పాత పేరు అడిగినా చాలాసార్లు కొత్తది సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వెతుక్కోవడమే దారి.

అప్‌గ్రేడ్ చేస్తే కొన్ని ప్యాకేజీలు "కెప్ట్ బ్యాక్" అని మిగిలిపోతున్నాయి.

ఎక్కువసార్లు ఇది సమస్యే కాదు. ఉబుంటు కొన్ని అప్‌డేట్లను అందరికీ ఒకేసారి ఇవ్వకుండా విడతలవారీగా ఇస్తుంది. ఏదైనా లోపం బయటపడితే మిగతావాళ్లకు వెళ్లకుండా ఆపడం కోసం. మీ వంతు రాలేదంతే. ఆప్ట్ అవుట్‌పుట్‌లో "ఫేజింగ్" అన్న మాట ఉంటే వదిలేయండి, కొన్ని రోజుల్లో అదే వస్తుంది.

"డజ్ నాట్ హావ్ ఎ రిలీజ్ ఫైల్", "404 నాట్ ఫౌండ్" అంటూ అప్‌డేటే ఆగిపోతోంది.

ఆ లైనులో చిరునామా చూడండి. పీపీఏ అయితే, దాన్ని నడిపేవాళ్లు మీ విడుదల కోసం ప్యాకేజీలు తయారు చేసి ఉండరు. సెట్టింగ్స్‌లో దాన్ని తీసేయడం తప్ప మీరు చేయగలిగేది లేదు. చిరునామాలో విడుదల పేరు మార్చి బలవంతంగా పనిచేయిస్తే పై ప్రశ్నలోని కలగాపులగంలో పడతారు.

చిరునామా ఉబుంటుదే అయితే మీ విడుదల కాలం తీరిపోయి ఉండొచ్చు. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) విడుదలలకు మామూలుగా 5 ఏళ్ల సపోర్ట్ ఉంటుంది. మధ్యలో ప్రతి ఆరు నెలలకూ వచ్చే మామూలు విడుదలలకు 9 నెలలే. తొందరపడి కొత్తది వేసుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండానే ఈ 404 చూస్తారు. కాలం తీరిన విడుదలల ప్యాకేజీలను ఓల్డ్-రిలీజెస్.ఉబుంటు.కామ్‌కు తరలిస్తారు. చిట్టాలో చిరునామాలు దానికి మార్చి, అప్‌డేట్ చేసి, అక్కణ్నుంచి తర్వాతి విడుదలకు అప్‌గ్రేడ్ కావచ్చు. డెబియన్‌కు అలాంటి చోటు ఆర్కైవ్.డెబియన్.ఆర్గ్. రోజూ పనికి వాడుకునే కంప్యూటర్ అయితే ఎల్‌టీఎస్ దాటి వెళ్లవద్దనే మా సలహా.

హాస్టల్ వైఫైలో అప్‌డేట్ చేస్తే "క్లియర్‌సైన్డ్ ఫైల్ ఈజంట్ వ్యాలిడ్, గాట్ నోస్‌ప్లిట్" అని వచ్చింది. ఏంటిది?

కాలేజీ, హాస్టల్, రైల్వేస్టేషన్ వైఫైలు ముందు లాగిన్ పేజీ చూపిస్తాయి కదా. ఆప్ట్ రిపోజిటరీ ఫైలు అడిగితే, ఆ నెట్‌వర్క్ దానికి బదులు తన లాగిన్ పేజీని చేతిలో పెట్టింది. అందులో సంతకం లేదు కాబట్టి ఆప్ట్ తిప్పి పంపింది. బ్రౌజర్ తెరిచి లాగిన్ అయ్యాక మళ్లీ అప్‌డేట్ చేయండి.

"హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" కూడా ఇలాంటి నెట్‌వర్క్‌లలోనే ఎక్కువ. దించిన ఫైలు, ప్యాకేజీల జాబితాలో రాసి ఉన్న ఫైలు ఒకటి కావని దాని అర్థం. మధ్యలో ఏదో ప్రాక్సీ పాత ప్రతిని దాచి ఇచ్చి ఉండాలి, లేదా మిర్రర్ సర్వర్ (రిపోజిటరీ నకలు ఉంచే సర్వర్) అప్పుడే కొత్త ఫైళ్లు తెచ్చుకుంటూ సగంలో ఉండాలి. కాసేపు ఆగి చూడండి. పోకపోతే /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ లోపలి ఫైళ్లను తీసేసి మళ్లీ అప్‌డేట్ చేయండి. ఆ జాబితాలు మళ్లీ దిగుతాయి కాబట్టి నష్టమేమీ లేదు. అప్పటికీ అలాగే ఉంటే మిర్రర్ మార్చండి. ఇండియా అని ఎంచుకుని ఇన్‌స్టాల్ చేసినవాళ్ల చిరునామా "ఇన్.ఆర్కైవ్.ఉబుంటు.కామ్" అని మొదలవుతుంది. ముందున్న "ఇన్." తీసేస్తే ప్రధాన సర్వర్‌కు వెళుతుంది.

మొబైల్ హాట్‌స్పాట్‌లో "కనెక్టింగ్" దగ్గరే 0 శాతంలో ఆగిపోతుంటే ఐపీవీ6 దారిలో ఇబ్బంది ఉండొచ్చు. కమాండ్ చివర -ఓ అక్వైర్::ఫోర్స్ఐపీవీ4=ట్రూ అని చేర్చి చూడండి. ఇందులో ఏ, ఎఫ్, ఐ, పీ పెద్ద అక్షరాలు, వీ చిన్నది. డేటా అయిపోయి మధ్యలో ఆగిందా? దిగినంతవరకు ఆప్ట్ దాచుకుంటుంది, మళ్లీ నడిపితే అక్కణ్నుంచే కొనసాగిస్తుంది.

"రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్" అంటోంది. ఇంకా చెల్లకపోవడం ఏంటి?

మీ గడియారం వెనక ఉంది. రిపోజిటరీ ఫైలు మీద ఈ రోజు తేదీ ఉంటే మీ కంప్యూటర్ మాత్రం ఇంకా గతంలో ఉంది. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీదున్న నాణెంలాంటి బ్యాటరీ అయిపోతే, ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. అది సీఆర్2032 సెల్, వాచీల కొట్లోనూ దొరుకుతుంది. ప్రస్తుతానికైతే టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ అని సుడోతో నడిపితే నెట్ నుంచి సమయం సరిచేసుకుంటుంది.

విండోస్, ఉబుంటు రెండూ ఉన్న లాప్‌టాప్‌లో సమయం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా చూపిస్తే బ్యాటరీని అనుమానించకండి. విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో మన సమయం రాస్తుంది, లైనక్స్ గ్రీన్‌విచ్ సమయం ఉంటుందని అనుకుంటుంది.

"నో పబ్‌కీ" అని ఒక పెద్ద నంబరు చూపిస్తోంది.

ఆ రిపోజిటరీ సంతకాన్ని సరిచూసే తాళంచెవి మీ దగ్గర లేదు. ఆ సాఫ్ట్‌వేర్ అధికారిక సైట్‌లోని ఇన్‌స్టాల్ పేజీ నుంచే కీ ఫైలు తెచ్చుకోండి. పాత పాఠాలు ఆప్ట్-కీ కమాండ్ వాడమంటాయి. ఆ పద్ధతిలో పెట్టిన కీ ఒక్క రిపోజిటరీకి కాకుండా అన్నిటికీ చెల్లిపోతుంది కాబట్టి దాన్ని వదిలించుకున్నారు. డెబియన్ 13లో ఆ కమాండే లేదు. ఇప్పటి పద్ధతి: కీని /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, రిపోజిటరీ లైనులో "సైన్డ్-బై" అని దాని చోటు రాయడం.

సంతకం చూడకుండా వదిలేయమని చెప్పే "ట్రస్టెడ్=యెస్" జోలికి వెళ్లకండి. ఎర్రర్ పోతుంది, దాంతోపాటు ఫైళ్లు ఎవరి దగ్గర్నుంచి వస్తున్నాయన్న హామీ కూడా పోతుంది.

డెబ్ ఫైలు దించుకున్నాను. డబుల్ క్లిక్ చేస్తే ఏమీ కావడం లేదు.

ఉబుంటు 24.04 మొదట వచ్చినప్పుడు అందులోని యాప్ సెంటర్‌కు డెబ్ ఫైళ్లు తెరవడమే వచ్చేది కాదు. టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌కు వెళ్లి ఇలా పెట్టండి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./ఫైలు-పేరు.డెబ్

ముందున్న చుక్క, గీత మర్చిపోతే ఆప్ట్ దాన్ని రిపోజిటరీలో ప్యాకేజీ పేరు అనుకుని వెతుకుతుంది. డీపీకేజీ -ఐ తో కూడా పెట్టొచ్చు గానీ, అది తోడు ప్యాకేజీలు తేదు, సగంలో వదిలేస్తుంది. చివర్లో "అన్‌శాండ్‌బాక్స్‌డ్ యాజ్ రూట్" అని "ఎన్:" లైను వస్తే పట్టించుకోకండి. మీ హోమ్ ఫోల్డర్‌లోని ఫైలును ఆప్ట్ తన సొంత యూజర్ పేరుతో చదవలేక రూట్‌గా చదివానని చెబుతోంది, ఇన్‌స్టాల్ అయ్యే ఉంటుంది.

"ఆర్కిటెక్చర్ డజ్ నాట్ మ్యాచ్" అని వస్తే మీ ప్రాసెసర్‌కు సరిపోని ఫైలు దించుకున్నారు. ఇంటెల్, ఏఎండీ 64 బిట్ యంత్రాలన్నిటికీ "ఏఎండీ64" కావాలి. పేరు చూసి ఇంటెల్ వాళ్లు తటపటాయించక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై లాంటి వాటికి "ఆర్మ్64".

యాప్‌ఇమేజ్ ఫైలు (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిపే ప్రోగ్రామ్) నడవకపోతే ఎక్కువగా లిబ్‌ఫ్యూజ్2 లేకపోవడం వల్ల, 24.04లో దాని పేరు లిబ్‌ఫ్యూజ్2టీ64. దానికోసం "ఫ్యూజ్" అనే ప్యాకేజీని మాత్రం పెట్టకండి. అది ఫ్యూజ్3ను తొలగిస్తుంది, దాంతోపాటు డెస్క్‌టాప్‌లో కొన్ని ముఖ్యమైన భాగాలు కూడా పోతాయి.

పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో ఏది పెట్టబోయినా "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అంటోంది.

డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి ఇది కావాలని పెట్టిన అడ్డు. సిస్టమ్‌లోని చాలా పనిముట్లు పైథాన్‌తో నడుస్తాయి. పిప్ వాటి లైబ్రరీల మీదుగా వేరే వెర్షన్లు పరిస్తే ఆప్ట్‌కు తెలియకుండానే అవి చెడిపోతాయి. లైబ్రరీ కావాలంటే ముందు ఆప్ట్‌లో "పైథాన్3-" తో మొదలయ్యే పేరుతో ఉందేమో చూడండి. లేకపోతే పైథాన్3-వెన్వ్ పెట్టుకుని మీ ప్రాజెక్టుకు వేరే ఎన్విరాన్‌మెంట్ సృష్టించుకోండి. కమాండ్‌గా వాడే ప్రోగ్రామ్‌లకు పిప్‌ఎక్స్ హాయి. --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అని ఒక దారి ఉంది, పేరులోనే ఫలితం రాసి పెట్టారు.

"నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటోంది, కానీ డిస్కులో బోలెడు చోటుంది.

డీఎఫ్ -హెచ్ కొట్టి "/బూట్" లైను చూడండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకుని ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు బూట్ విభాగం విడిగా, చిన్నదిగా ఉంటుంది. పాత కెర్నళ్లు పోగుపడి అది నిండిపోతే కొత్త కెర్నల్ సగంలో ఆగి, ఆ తర్వాత ప్రతి ఇన్‌స్టాల్‌కూ అదే ఎర్రర్ వస్తుంది. సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్ చాలాసార్లు సరిపోతుంది. బూట్ ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో ఫైళ్లు తుడిచేసేవాళ్లుంటారు. అలా చేస్తే కెర్నల్ ఉందనే డీపీకేజీ అనుకుంటుంది, తర్వాత ఇంకో గొడవ మొదలవుతుంది. తప్పనిసరైతే, యూనేమ్ -ఆర్ చూపించే కెర్నల్‌ను వదిలేసి మిగతావాటిలో పాతదాన్ని ఆప్ట్‌తోనే తీయండి.

ప్రధాన విభాగమే నిండితే సుడో ఆప్ట్ క్లీన్‌తో మొదలుపెట్టండి. దించి దాచిన డెబ్ ఫైళ్లన్నీ పోతాయి, ఇన్‌స్టాల్ అయినవి అలాగే ఉంటాయి.

ఫైర్‌ఫాక్స్‌ను ఆప్ట్‌తో పెట్టినా స్నాప్‌గానే వస్తోంది.

ఉబుంటు 22.04 నుంచి ఆప్ట్‌లోని ఫైర్‌ఫాక్స్ పేరుకే ప్యాకేజీ, లోపల స్నాప్‌ను (ఉబుంటు సొంత ప్యాకేజీ రకం) తెచ్చే స్క్రిప్ట్ మాత్రమే ఉంది. డెబ్ కావాలంటే మొజిల్లా సొంత ఆప్ట్ రిపోజిటరీ ఉంది. లైనక్స్ మింట్‌లో దీనికి తిరగేసిన కథ: 2020లో వచ్చిన మింట్ 20 నుంచి స్నాప్‌లను నడిపే స్నాప్‌డీని ఆప్ట్ పెట్టనివ్వదు, ఆ అడ్డు ఫైలు తీసేస్తేనే వస్తుంది.

చిన్న ప్రోగ్రామ్ పెట్టబోతే పెద్ద జాబితా చూపించి "ఇవన్నీ తొలగిస్తాను" అంటోంది. సరే అనాలా?

వద్దు. 2021 నవంబరులో లైనస్ సెబాస్టియన్ అనే యూట్యూబర్ (లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కాదు) ఉబుంటు మీద కట్టిన పాప్ ఓఎస్‌లో స్టీమ్ అనే గేమ్‌ల ప్రోగ్రామ్ పెట్టబోతే ఆప్ట్ ఇలాగే డెస్క్‌టాప్‌ను తొలగిస్తానని హెచ్చరించింది. "యెస్, డూ యాజ్ ఐ సే!" అని పూర్తిగా టైప్ చేయమని కూడా అడిగింది. ఆయన చేశారు, డెస్క్‌టాప్ పోయింది. తప్పు మొదట ప్యాకేజీలోని డిపెండెన్సీదే, కానీ జాబితా చదివి ఉంటే ఆగిపోయేది. "విల్ బీ రిమూవ్డ్" కింద ఉబుంటు-డెస్క్‌టాప్, గ్నోమ్, గ్జార్గ్, నెట్‌వర్క్-మేనేజర్ లాంటి పేర్లు కనిపిస్తే "ఎన్" కొట్టి, డిపెండెన్సీల ప్రశ్నలో చెప్పిన ఆప్ట్ పాలసీ దగ్గరికి రండి. ఏం జరుగుతుందో ముందే చూడాలంటే కమాండ్‌లో -ఎస్ చేర్చండి, ఏదీ మార్చకుండా చేయబోయేదంతా చూపిస్తుంది.

తెలుగు ఫాంట్లు, టైపింగ్ కోసం ఏ ప్యాకేజీలు పెట్టాలి?

ఫాంట్లకు ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా. రెండోదానిలో పోతన2000, వేమన2000 ఉంటాయి. పెట్టాక తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లను మూసి తెరిస్తేనే కొత్త ఫాంట్లు కనిపిస్తాయి. టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్ పెట్టి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాక సెట్టింగ్స్‌లోని కీబోర్డ్ విభాగంలో తెలుగు కింద ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్ వంటివి వస్తాయి. లాగౌట్ మర్చిపోయి "ప్యాకేజీ పనిచేయడం లేదు" అనేవాళ్లే ఎక్కువ. గ్నోమ్ టెర్మినల్‌లో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తే ఫాంట్లు మార్చి లాభం లేదు, భారతీయ లిపులను కూర్చడం ఆ టెర్మినల్‌కు సరిగ్గా రాదు. కన్సోల్ అనే కేడీఈ టెర్మినల్‌లో కాస్త నయం.

ఇవేవీ కుదరలేదు. ఎవరినైనా అడగాలంటే ఏం పంపాలి?

ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో వద్దు. ఇంగ్లిష్‌లో ఉన్న అసలు అవుట్‌పుట్‌ను టెక్స్ట్‌గా, కొట్టిన కమాండ్‌తో సహా మొదటి నుంచి చివరిదాకా పంపండి. దానితోపాటు క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్, అనుమానమున్న ప్యాకేజీ మీద ఆప్ట్ పాలసీ, సుడో ఆప్ట్ అప్‌డేట్ పూర్తి అవుట్‌పుట్ కూడా జోడించండి. పీపీఏలు ఏవైనా పెట్టి ఉంటే ముందే చెప్పండి, మొదట అడిగేది అదే. ప్రాక్సీ పాస్‌వర్డ్‌లు, ఉబుంటు ప్రో టోకెన్ లాంటివి అవుట్‌పుట్‌లో ఉంటే పంపే ముందు తీసేయండి.